జర్మను పిస్తోలులో నీ చుక్క

నాన్నా,

నేను, రూతుని. నువ్వు వెళ్ళిపోయాక ఇది రెండో వానాకాలం. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే అమ్మా, నేనూ.

నాకు ఇంకా ఏడుపు రాలేదు. అమ్మ అప్పుడప్పుడు పని ఆపి నా మొహంలోకి చూస్తుంది. ఏం లేదమ్మా అంటాను. నిజంగానే ఏం లేదు. పొద్దున్నే బస్సెక్కి నందిగామ వెళ్తున్నాను, పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను, సాయంత్రం జగ్గయ్యపేటలో దిగి ఇంటికి వస్తున్నాను. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు గిల్లుకుంటే ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు ఉంటుంది చూడు... ఒళ్ళంతా అలా ఉంది. ఎన్నాళ్ళుంటుందో ఎవరిని అడగాలో తెలియదు.

నీకు ఒక సంగతి చెప్పాలని కూర్చున్నాను. నీ రాయి సంగతి.

సమాధుల పండగ నాటికి నీకు రాయి నిలబెట్టాలని అమ్మ అనుకుంది. అందరి సమాధులకీ సున్నాలు వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తుంటే నీ ఒక్కడిదే మట్టిదిబ్బగా ఉండకూడదని. నాపరాయి మంచిది దొరికింది. చెక్కే ఆయన నీ పేరు మొదలుపెట్టాడు కూడా. 'దావీదు' అనేదాంట్లో 'దావీ' అయింది. అప్పుడు ఆ మాట వచ్చింది.

చందర్లపాడు పెద్దాయన గుర్తున్నారు కదా. నందిగామలో ఇల్లు కట్టుకుని ఉంటున్నారు. ఆయన దగ్గర ఒక జర్మను పిస్తోలు ఉండేది. పేల్చినప్పుడల్లా పైన మోకాలు ముడిచినట్టు వంగి లేస్తుందని నువ్వు దానికి మోకాలు పిస్తోలు అని పేరు పెట్టావు. దాన్ని చూడడానికి సికింద్రాబాదు నుంచి ఒక మేజరు గారు వచ్చారట. ఉద్యోగం అయిపోయి ఇంటి దగ్గర ఉంటున్నారు. యుద్ధం నాటి జర్మను పిస్తోళ్ళు పోగుచేయడం ఆయనకు ఇష్టం. ఆయన చూసి, "గొట్టం దీనిది కాదండీ" అన్నారట. పిస్తోలు ఒంటి మీద ఒక నంబరు, గొట్టం అడుగున ఇంకో నంబరు. ఇలాంటివి కొనేవాళ్ళకి అన్నీ ఒకే నంబరు ఉండాలట. ఎవరో మధ్యలో మార్చారు అని చెప్పి, ఆయన వెళ్ళిపోయారు.

ఆ పిస్తోలు విప్పిన మనిషి పెద్దాయనకి ఒక్కడే గుర్తొచ్చాడు. నువ్వు.

శుభ్రం చెయ్యమని ఇస్తే జర్మను గొట్టం అమ్ముకుని వేరేది బిగించాడు, అన్నారట. ఆ మాట మా బస్సులోనే జగ్గయ్యపేట వచ్చింది నాన్నా. నువ్వు ఇన్నేళ్ళు పనిచేసిన తుపాకుల షాపుకి ముందు వచ్చింది, తర్వాత బజారుకి, తర్వాత చర్చికి. చర్చిలో అమ్మ పక్కన కూర్చునే ఆవిడ పాటల పుస్తకం తనకి ఒక్కదానికే పట్టుకుని పాడుకుంది. అంతే. ఎవరూ ఏమీ అనలేదు.

అమ్మ ఆ సోమవారమే రాయి చెక్కే ఆయన దగ్గరికి వెళ్ళింది. "ఆపెయ్ నాయనా. ఊరంతా దొంగ అంటుంటే ఆ పేరు రాయి మీద ఎట్టా పెట్టేది? చెరపటానికి అదేమన్నా పలకా" అంది. నేను పక్కనే ఉన్నాను. ఆయన ఉలి కింద పెట్టేశాడు. 'దావీ' దగ్గరే ఆగిపోయావు. పండగ అలాగే గడిచింది. మట్టిదిబ్బ మీద రెండు కొవ్వొత్తులు పెట్టాం. గాలికి ఒకటి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించలేదు.

నువ్వు చెయ్యలేదని నాకు తెలుసు. నమ్మకం కాదు. చూశాను కాబట్టి తెలుసు. గుర్తుందా... నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నీకు అన్నం క్యారేజీ తెచ్చాను. బల్ల మీద గుడ్డ పరిచి ఆ పిస్తోలు విప్పి పెట్టావు. చేతులు నూనెతో ఉన్నాయని భూతద్దం నా చేతికిచ్చి, "చదువు, అక్షరాలు నువ్వు చదువు, అంకెలు నేను చూసుకుంటా" అన్నావు. నీకు మిలటరీలో అంకెలు వచ్చాయి, అక్షరాలు రాలేదు. మన ఇద్దరిలో ఎవరు ఒక్కళ్ళం ఉన్నా ఆ పిస్తోలు సగమే తెలిసేది.

గొట్టం అడుగు నంబరు చూసి నేనే అన్నాను, ఇది తేడాగా ఉంది నాన్నా అని. నువ్వు నవ్వావు. "తేడాగానే ఉంటదమ్మాయ్. ఇది యుద్ధంలో ఆస్పత్రికెళ్ళొచ్చిన పిస్తోలు."

ఆ కథ నాకు అన్నం తింటూ చెప్పావు. యుద్ధమప్పుడు ఇసక దేశంలో మీ మిలటరీ వర్క్‌షాపు. పట్టుబడిన జర్మను పిస్తోళ్ళు పెట్టెల్లో వచ్చేవి. వాటిని విడదీసి చూడడం నీ పని. నీకు సాయంగా పట్టుబడిన జర్మను మనిషిని ఒకణ్ణి కూర్చోబెట్టారు. అతనూ నీలాగే మిస్త్రీ. వాళ్ళ సైన్యపు మరమ్మతు డిపోలో పనిచేసినవాడు. "ఆడికి తెలుగు రాదు, నాకు జర్మను రాదు. ఇద్దరికీ ఆకురాయి వచ్చు. ఇంకేం కావాలి" అనేవాడివి. డిపోలో మార్చిన గొట్టాన్ని ఎలా పట్టుకోవాలో అతనే వేలితో చూపించాడట. కొత్త పిస్తోలులో గొట్టం ఒంట్లోకి బిగించాక, రెండింటి మీదా పడేలా ఒకే దెబ్బతో సన్న గీత కొడతారు. గొట్టం మార్చితే ఒంటి మీద పాత గీత మిగిలిపోతుంది, కొత్తది ఇంకోటి పడుతుంది. అంటే ఒంటి మీద రెండు గీతలు, గొట్టం మీద ఒకటి. ఆ పైన ఒక చిన్న పిట్ట ముద్ర. చూసి సరే అన్నవాడి గుర్తు.

"నెత్తిన బాంబులు పడతా ఉన్నా ఆ పిట్టని కొట్టకుండా పంపేవాళ్ళు కాదంట. ఎందుకో చెప్పు. రేపది చేతిలో పేలితే ఎవడు చేశాడో తెలవాలి" అన్నావు. ఆ తర్వాత నువ్వు ఎప్పుడూ అనేది అన్నావు. "బాగుచేసిన చోటు దాచకూడదమ్మాయ్. గుర్తు పెడితే అది పని. దాస్తే అది దొంగతనం."

నువ్వు నీ పనికి చుక్క పెట్టేవాడివి. మొనదేలిన ఇనప పంచి ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ. నాటు తుపాకీకైనా, పోలీసు వాళ్ళ తుపాకీకైనా, లోపలెక్కడో కొన్నవాడికి కనపడని చోట. నీ పేరు రాయడం నేర్పిస్తానంటే, "చుక్క చాల్లే. పేరు పెడితే పెద్దోణ్ణయిపోతా, మీ అమ్మ తట్టుకోలేదు" అన్నావు. అమ్మ అప్పుడు పొయ్యి దగ్గర నుంచి ఏదో అంది. ఏమందో గుర్తు రావడం లేదు. ఈ మధ్య ఇలాంటివే గుర్తు రావడం లేదు.

మేజరు గారు మళ్ళీ వస్తున్నారని, ఇంకోసారి చూసి తేల్చుకుంటారని నందిగామలో తెలిసింది. శనివారం బడి అయ్యాక నేను పెద్దాయన ఇంటికి వెళ్ళాను. అమ్మకి చెప్పలేదు. చెబితే పంపదు.

వరండాలో బల్ల మీద పిస్తోలు ఉంది. పెద్దాయన పడక కుర్చీలో ఉన్నారు. ఆయన కొడుకు చినబాబు గారు స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. మేజరు గారు తెల్లమీసాలాయన, కళ్ళజోడు నుదుటి మీదకి ఎత్తి పెట్టుకున్నారు.

"ఎవరమ్మా?" అన్నారు పెద్దాయన.

"దావీదు కూతుర్నండి. తుపాకుల షాపు దావీదు."

ఆయన మొహం తిప్పుకున్నారు. "నువ్వు టీచరమ్మవంట. నీతో మాకేం తగువు లేదు. వెళ్ళిరా."

"తగువుకి రాలేదండి. ఆ పిస్తోలు ఒకసారి చూపిస్తానండి. మా నాన్న నాకు చూపించినట్టే."

మేజరు గారు తన కుర్చీ జరిపి, బల్లకి ఆ పక్క చోటిచ్చారు. నా గొంతు మామూలుగానే ఉంది నాన్నా. పిల్లలకి పాఠం చెప్పినట్టే చెప్పాను. గొట్టం ఒంట్లోకి వెళ్ళే చోట గీతలు చూడండి అన్నాను. ఆయన భూతద్దం పెట్టారు. ఒంటి మీద రెండు. గొట్టం మీద ఒకటి. "కరెక్టే," అన్నారు. "కానీ రెండో గీత మీ నాన్న కూడా కొట్టొచ్చు గదమ్మా."

"గీత లోపల రంగు చూడండి."

పిస్తోలు అంతటా పట్టిన నీలం నలుపు రెండో గీత లోపలా ఉంది. గీత కొట్టాక మొత్తం పిస్తోలుకి మళ్ళీ రంగు పెట్టారు. అంత నలుపు మందు తొట్లో ముంచితే గాని రాదు. మన షాపులో నలుపంటే నూనె రాసి పొగలో కాల్చడమే కదా. గోటితో గీకితే పోతుంది. అది చెప్పాను. పిట్ట గొట్టం మీద ఉంటుంది చూడండి అని కూడా అన్నాను. ఆయన గొట్టం అంతా తిప్పి తిప్పి చూశారు. లేదు.

ఉందని నువ్వు చెప్పావు. ఎక్కడుందని చెప్పావో నాకు సరిగ్గా గుర్తు లేదు. నువ్వుంటే అడిగేదాన్ని... ఇలాంటివి ఎన్ని అడగకుండా వదిలేశాను?

ఆ పిట్టని నేను కాదు, మేజరు గారే కనుక్కున్నారు. గొట్టం మీద కాదు, ఒంటి కుడిపక్క, మిగతా ముద్రల వరస నుంచి విడిగా, కొంచెం వంకరగా ఉంది. ఆయన చాలాసేపు దాన్నే చూశారు. "ఇదుగో. నేనిది ఫ్యాక్టరీ ముద్రల్లో కలిపేసుకున్నా. ఇది డిపో పనే. గొట్టం మార్చింది జర్మనీ వాళ్ళేనండీ," అన్నారు పెద్దాయనతో. ఆయన గొంతులో సంతోషం ఉంది. అలాంటి పిస్తోలు ఆయన దగ్గర లేదట.

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఆయనకి పని మీద ఇష్టం పుట్టింది. మిగతావీ చూద్దామని పై భాగం విప్పి, లోపల తూటా వెనక కొట్టే సూదిని బయటికి తీశారు. ప్రతి చిన్న ముక్క మీదా నంబరు చివరి రెండు అంకెలు ఉంటాయి కదా. ఆ సూది మీద అంకెలు లేవు. పిట్ట లేదు. వెనకవైపు ఒక చుక్క ఉంది.

"ఈ చుక్కేంటో?" అన్నారు.

ఎవరికీ తెలియదు. ఆ వరండాలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నాకు చెప్పలేదేం నాన్నా? ఆ పిస్తోలు విప్పి గొట్టం చూపించావు, గీత చూపించావు, కథంతా చెప్పావు. సూది మాట ఎత్తలేదు. శుభ్రం చెయ్యడానికే వచ్చిందనుకున్నాను నేను కూడా.

తెలియదు అంటే సరిపోయేది. గొట్టం విషయం తేలిపోయింది. నేను బస్సుకి వెళ్ళిపోవచ్చు. అమ్మకి చెప్పొచ్చు. రాయి చెక్కించొచ్చు. కానీ నీ చుక్కని చూసి ఎవరిదో తెలియదని ఎలా అనేది?

"మా నాన్నదండి," అన్నాను. "బాగుచేసిన దాని మీద చుక్క పెట్టేవాడండి. ఆ సూది చేసింది మా నాన్నేనండి."

పెద్దాయన కుర్చీలో ముందుకి వంగారు. "చూశారా. శుభ్రం చెయ్యమని ఇస్తే సూది తీశాడు. నాకు చెప్పకుండా సూది మార్చినోడు ఇంకేం మార్చలేదని నమ్మమంటారా?"

"గొట్టం మారిస్తే గొట్టం మీదా చుక్క ఉండేదండి," అన్నాను. నాకే చిన్నగా వినిపించింది.

"మరి నాకెందుకు చెప్పలా?"

దానికి జవాబు నీ దగ్గర ఉంది. నువ్వు మట్టిలో ఉన్నావు. నేను బల్ల మీద గుడ్డ అంచు చూస్తూ నిలబడ్డాను. దాని మీద ఆకుపచ్చ పోగు ఒకటి లేచి ఉంది.

అప్పుడు చినబాబు గారు స్తంభం దగ్గర నుంచి, "నేనే వద్దన్నా నాన్నగారూ," అన్నారు.

ఆయన స్తంభం వదిలి బల్ల దగ్గరికి వచ్చారు.

"మీరు బందరు కోర్టు పనికి వెళ్ళినప్పుడు స్నేహితులకి చూపిద్దామని బయటికి తీశా. ఖాళీదే కదా అని టకటకా నొక్కుతూ కూర్చున్నాం. సూది ముక్క విరిగింది. పేట తీసుకెళ్ళి దావీదుకిచ్చా. మా నాన్నకి తెలిస్తే చంపుతాడు, శుభ్రం చేశానని చెప్పు అన్నా. చెప్పనులే బాబూ అన్నాడు."

పెద్దాయన ఆయన వైపు చూడలేదు. పిస్తోలు వైపే చూశారు. "ఇన్నాళ్ళబట్టి ఆ మనిషిని నేను నోటికొచ్చినట్టు అంటున్నా. పక్కనే కూర్చుని విన్నావుగా."

చినబాబు గారు తల దించుకున్నారు. పెద్దాయన నాతో, "మీ అమ్మకి చెప్పమ్మా..." అని మొదలుపెట్టారు. అక్కడే ఆపేశారు.

నేను అన్నాను, "ఇక్కడన్న మాట జగ్గయ్యపేట దాకా వచ్చిందండి. ఈ మాట కూడా రావాలండి."

ఆ మాట అనాలని ముందుగా అనుకోలేదు. నువ్వైతే అనేవాడివా? అనవేమో. చెప్పనులే బాబూ అన్నావు, చెప్పకుండానే పోయావు. చుక్క మాత్రం పెట్టావు. నోరు మూసుకోమంటే మూసుకున్నావు గాని, పని దాచమంటే దాచలేకపోయావు. దాని గురించి చాలాసార్లు ఆలోచించాను. నీ మీద కోపం రావాలా, వద్దా? ఏదీ రావడం లేదు.

చినబాబు గారు వచ్చారు. మర్నాడే, ఆదివారం. ముందు షాపులో చెప్పారట. తర్వాత చర్చి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడి, అందరూ వింటుండగా అమ్మకి చెప్పారు. సగం సగం మాటల్లోనే చెప్పారు, కానీ చెప్పారు. పాటల పుస్తకం ఆవిడ కూడా విన్నది. అమ్మ అంతా విని, "ఎండన పడొచ్చావు, ఇంటికి రా బాబూ, మంచినీళ్ళు తాగెళ్ళు" అంది. ఆయన వచ్చారు. మన మంచం మీద కూర్చుని మన గ్లాసుతో తాగారు. ఇంకో గ్లాసు అడిగి తాగారు.

ఆయన వెళ్ళాక అమ్మ, "చేతులు మంచివే. నోరే మరీ మంచిది మీ నాన్నకి" అంది. తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను గ్లాసు కడిగాను. అప్పుడైనా ఏడుపు వస్తుందనుకున్నాను.

ఆ పిస్తోలు మేజరు గారే తీసుకున్నారట. ఆ సూది మార్చనని, అలాగే ఉంచుతానని అన్నారట. ఎవరు అడిగితే అన్నారో తెలియదు.

నీ పేరు పూర్తయింది నాన్నా. 'దు' కొంచెం లోతుగా పడింది. మిగతా అక్షరాల కంటే కొత్తగా ఉంది. చెక్కే ఆయన సరిచేస్తానంటే అమ్మ వద్దంది.

రాయి బండి మీద తెస్తుంటే చప్టా దగ్గర చక్రం గుంతలో దిగబడి, కింది మూల చిన్న పెచ్చు ఊడింది. ఆయన సిమెంటు పెట్టి అతికించాడు. రాయి పొడి కలిపి రుద్దాడు. ఆరాక దూరం నుంచి తెలియడం లేదు. "ఇంక ఎవరూ కనిపెట్టలేరులే" అంది అమ్మ తృప్తిగా.

నిన్న సాయంత్రం వాన తెరిపిచ్చాక నేనొక్కదాన్నే వెళ్ళాను. నీ పనిముట్లు షాపు వాళ్ళు గోనెసంచిలో కట్టి ఇచ్చారు, అమ్మ అటక మీద పెట్టింది. అందులోంచి పంచి, చిన్న సుత్తి తీసుకెళ్ళాను. అతికిన చోటు పక్కనే పంచి ఆనించి కొట్టాను. మొదటి దెబ్బ జారింది. రెండోది పడింది. షాపులో నేను బయట క్యారేజీ పట్టుకుని నిలబడ్డప్పుడు లోపల నుంచి వినపడే చప్పుడు... అదే చప్పుడు.

జారిన దెబ్బ నా బొటనవేలికి తగిలింది. నొప్పి పుట్టింది. ఇంటికొచ్చేదాకా నొప్పిగానే ఉంది నాన్నా. ఇప్పుడు రాస్తుంటే కూడా ఉంది.

అమ్మకి ఇంకా చెప్పలేదు. వచ్చే సమాధుల పండగకి చెబుతాను. ఆవిడ సున్నం బకెట్టు పట్టుకుందంటే రాయిని కూడా వదలదు, నీకు తెలుసు కదా. ఆ మూల నాకు వదిలెయ్యమంటాను. చుక్క మీద సున్నం పడకుండా నేను వేస్తాను. ప్రతి ఏడూ.

నీ రూతు